మావయ్యగారి ఎడమచెయ్యి

మావయ్యగారి ఎడమచెయ్యి ఒప్పుకోనిదే ఆ ఇంట్లో కొత్త సబ్బు కాగితం విప్పడానికి లేదు. షాంపూ గాని, పౌడరు గాని, పళ్ళ పేస్టు గాని, ముందు ఆయన చేతి మీద ఓ చుక్క పడాలి. మణికట్టు నుంచి మోచేతి దాకా బాల్‌పెన్నుతో గళ్ళు గీసుకుని, గడికో సరుకు పూసి, నలభై ఎనిమిది గంటలు కాపలా కాసేవారు. ఆ రెండు రోజులూ ఎవరడిగినా ఒకటే జవాబు.

"చెయ్యి ఇంకా ఏమీ చెప్పలేదు."

ఆయన గడియారాలు బాగుచేసే మనిషి. రిపేరుకిచ్చి మళ్ళీ మొహం చూపించనివాళ్ళ అలారం గడియారాలు షాపులో పాతిక దాకా పడున్నాయి. చేతి మీది గడికొకటి చొప్పున వాటికి పని చూపించారు. గడువు తీరగానే ఆ గడియారం మోగాలి. పౌడరుది పదిన్నరకి, పేస్టుది ఒంటిగంటకి, మొహం క్రీముది రెండుంపావుకి. తిక్క ఉంటే ఉంది, దానికి టైమ్‌టేబుల్ కూడానా అని అత్తగారు నెత్తి కొట్టుకునేది.

ఏడాదిగా ఇదే వరస. దానికి తోడు చేతిలో ఫోనొకటి. ఊరూ పేరూ లేని కబురు అందులో వచ్చిందంటే ఆయనకది శిలాశాసనం.

"చూడవే, పేస్టు గొట్టం చివర నల్లగీత. నల్లగీతుంటే లోపలంతా రసాయనమేనట."

"పెళ్ళికి ముందు నా నుదుటి గీత ఒక్కటి చూసుంటే ఇద్దరం బాగుపడేవాళ్ళం" అంది అత్తగారు. "ఇప్పుడు పేస్టు గీతలు చూసి ఏం లాభం?"

ఆ గీత గొట్టాన్ని ఎక్కడ కత్తిరించాలో మిషనుకి గుర్తని కిరాణా షాపతను చెప్పాడు. ఆ మాట కంపెనీవాళ్ళే అతనితో చెప్పించారని ఈయన తేల్చేశారు. ఇంకోసారి, బంగారం రాస్తే నల్లబడే లిప్‌స్టిక్‌లో సీసం ఉన్నట్టేనని కబురొచ్చింది. అత్తగారి ఉంగరం ఊడబెరికి, కోడలు పార్లర్‌కని తెచ్చిపెట్టుకున్న పదిహేడు లిప్‌స్టిక్‌ల మీద రాశారు. పదిహేడూ నల్లబడ్డాయి. అనుమానమొచ్చి గోడకి రాశారు. గోడా నల్లబడింది.

"సున్నంలో కూడా కలిపేశారే" అన్నారు దిగులుగా.

ఇంట్లో జరిగినంతసేపు ఇది ఇంటి గొడవ. కొంప మునిగింది షాపులో. జనమంతా ఫోనులో టైము చూసుకోవడం మొదలెట్టాక గడియారాల పని పలచబడింది. రెండేళ్ళ కిందటే ఆయన షాపుకి అడ్డంగా చెక్క కట్టించి, వెనక సగం కోడలికిచ్చి బ్యూటీ పార్లర్ పెట్టించారు. మంచి పనే. కానీ పార్లర్‌లోకి వెళ్ళాలంటే ఆయన బల్ల దాటాలి. పులి గుహకి వాకిలొకటే అన్నట్టు.

కంట్లో భూతద్దం గొట్టం బిగించుకునే తలెత్తేవారు.

"ఏం చేయించుకోవడానికమ్మా?"

"ఫేషియల్‌కండీ."

"ఆ క్రీము ఇంకా మూడో గడిలోనే ఉంది. రేపు సాయంత్రం రా తల్లీ."

లోపల్నించి కోడలు కత్తెరతో పరిగెత్తుకొచ్చేది. "మావయ్యా, ఆవిడ మొహం ఆవిడిష్టం."

"మొహం ఆవిడదే అమ్మాయ్. పూసే చెయ్యి మనది."

ఒకమ్మాయికి నుదుటి మీద జుట్టు కత్తిరిస్తుంటే పౌడరు గడియారం గొల్లుమంది. కత్తెర ఉలిక్కిపడింది. ఆ పిల్ల నుదుట కొండవాలు పెట్టుకుని ఇంటికెళ్ళింది, మళ్ళీ రాలేదు.

అన్నిటికన్నా పెద్ద వేధింపు ఎర్ర గడియారం. మిగతావి గడువుని బట్టి మోగితే, అది రోజూ నాలుగింటికి మోగేది. మోగగానే బల్ల దగ్గర్నించి కేక.

"అమ్మాయ్, మార్కెట్ గడియారస్తంభం నడుస్తోందేమో చూసి రా."

ఆ స్తంభం ఆగిపోయి ఏణ్ణర్ధం. పోను పది నిమిషాలు, రాను పది నిమిషాలు. చుట్టూ పాతిక గడియారాలు పెట్టుకుని, ఆగిపోయిన ఇరవయ్యారోది చూసి రమ్మంటే ఎవరికి మండదు? కుర్చీలో మనిషి తలకి షాంపూ నురగతో కూచుని ఉన్నా సరే, గ్లవ్స్ విప్పి వెళ్ళి రావాల్సిందే. వెళ్ళకపోతే ఆయన కేక ఆగదు, ఎర్ర గడియారమూ ఆగదు.

"ఆగే ఉంది మావయ్యా."

"సరే. రేపు చూద్దాం."

కోడలికి అసలే కాలు నిలవని రోజులు. ఆ నెలాఖరుకి పార్లర్ నిలదొక్కుకోకపోతే మూసేసి, మళ్ళీ బట్టల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టడానికి పోవాలని తనకి తనే గడువు పెట్టుకుంది. నాలుగు రోజులుందనగా నర్సుల హాస్టల్ వార్డెన్ గుమ్మంలోకొచ్చింది. ఆవిడకి నచ్చితే హాస్టల్లో ముప్ఫై ఇద్దరికీ నచ్చినట్టే. కోడలు కుర్చీ రెండుసార్లు తుడిచింది.

"జుట్టుకి రంగెయ్యాలమ్మా."

"ఆగండి" అన్నారు మావయ్యగారు చొక్కా చెయ్యి పైకి లాగుతూ. "మా చెయ్యి ఇంకా ఏమీ చెప్పలేదు."

వార్డెన్ ఆ గళ్ళని పైనుంచి కిందికి, ఎక్స్‌రే చూసినట్టు చూసింది.

"రంగెయ్యబోయేది ఎవరికండీ? మీ మోచేతికా?"

"మీకే."

"మరి చుక్క నా చెవి వెనక పడాలి గాని మీ చేతి మీద దేనికి? మీరు తింటే నా కడుపు నిండుతుందా?"

ఆయన చొక్కా చెయ్యి మెల్లగా కిందికి దించుకున్నారు.

"కానీ రెండు రోజులాగాలన్నది మాత్రం నిజమే. రంగు డబ్బా మీదే రాసుంటుంది, ఎవరూ చదవరు" అందావిడ. కోడలి చేత చెవి వెనక చుక్క పెట్టించుకుని, ఆమె వేళ్ళు పట్టుకుని తిప్పి చూసింది. "ఈ మచ్చలేంటి? చీలి మానినట్టున్నాయి."

"మొదట్లో రంగులకి చీలేవండీ. ఇప్పుడు రంగుల సప్లయర్ గ్లవ్స్ పంపిస్తున్నాడు."

"మంచి సప్లయరే. ఎల్లుండొస్తా" అని వెళ్ళిపోయింది.

ఎల్లుండొస్తానన్నవాళ్ళు ఎంతమంది వచ్చారో కోడలికి తెలుసు. మావయ్యగారు భోజనానికి ఇంటికెళ్ళేదాకా పళ్ళు బిగబట్టి, ఆ తర్వాత అట్టపెట్టె తెచ్చింది. పాతిక గడియారాలూ అందులో పడేసి అటక మీదికి ఎక్కించెయ్యాలి. ముందుగా ఎర్రదాని పని పడదామని దాన్నే తీసింది.

రిపేరుకొచ్చిన ప్రతి గడియారం వెనకా ఆయన ఓ చీటీ అంటిస్తారు: ఎవరిది, రోగమేంటి, చేసిందేంటి. ఎర్రదాని వెనకా ఒకటుంది. ఆయన రాత చీమల బారు. కోడలు బల్ల మీది భూతద్దం కంట్లో పెట్టుకుంది.

ఎవరిది: మా అమ్మాయిది.

రోగం: వేళ్ళు చీలి రక్తం వస్తోంది. కొంగులో దాచుకుంటోంది. ఏ సరుకు వల్లో తెలీదు. ఒక్కో చక్రం విప్పి చూసినట్టు, ఒక్కొక్కటే నా చేతి మీద చూడాలి.

చేసింది: గ్లవ్స్ కొని సొరుగులో పెట్టాను. సప్లయర్ పంపాడనుకుంటోంది, అనుకోనీ. రోజూ నాలుగింటికి గ్లవ్స్ విప్పించి గాలికి పంపాలి. కారణం చెప్తే వెళ్ళదు.

కింద సన్నగా, తర్వాతెప్పుడో చేర్చిన వాక్యం: నా చెయ్యి దేనికీ ఎర్రబడటం లేదు. గడియారాల నూనెలో నలభై ఏళ్ళు నానిన తోలు, మొద్దుబారినట్టుంది. అయినా చూస్తూ ఉండాలి.

చీటీ మీద తేదీ ఏడాది కిందటిది. ఆ చేతి మీద గళ్ళు లేని రోజులవి.

ఆయన తిరిగొచ్చేసరికి గడియారాలన్నీ బల్ల మీద టకటకలాడుతున్నాయి, ఎర్రది అన్నిటికన్నా ముందు.

"వరస మారిందేంటమ్మాయ్?"

"దుమ్ము దులిపాను మావయ్యా."

"వట్టి చేతుల్తోనా? ఆ దుమ్ములో ఏమేం ఉంటాయో తెలుసా?"

"గ్లవ్స్ వేసుకునే" అంది కోడలు తలొంచుకుని. సప్లయర్ మాట ఎత్తలేదు.

ఆ రెండు రోజులూ ఆమె కూచున్న చోట కూచోలేదు, నిలబడ్డ చోట నిలబడలేదు. వార్డెన్ చెవికి ఆయన పచ్చ గడియారం కేటాయించారు. గడువు తీరగానే అది మోగింది. వీధిలో ఎవరూ లేరు. పావుగంట గడిచింది. కోడలు తుడిచిన కుర్చీనే మళ్ళీ తుడుస్తుంటే గుమ్మంలో చెప్పుల చప్పుడైంది.

"చెవి ఏమీ చెప్పలేదండీ పెద్దాయనా" అంటూ వార్డెన్ వెళ్ళి కుర్చీలో కూచుంది.

వెళ్ళేటప్పుడు నల్లటి జుట్టు అద్దంలో చూసుకుని, "మా పిల్లల్ని కూడా పంపిస్తా. ఈయన్ని మాత్రం ఆ గుమ్మంలోంచి కదిలించకండి. నోట్లోంచి వచ్చేది తొంభై పాళ్ళు గాలే అయినా, రెండు రోజులు ఆగమనేవాడు ఒకడుండాలి" అంది.

అప్పట్నించీ చుక్క వచ్చినవాళ్ళ చెవి వెనకే. అయినా మావయ్యగారి చేతి మీద గళ్ళు పోలేదు. ఆయన పేస్టుని ఇప్పటికీ నమ్మరు.

ఓ రోజు నాలుగవుతుండగా, కేక పడకముందే కోడలు గ్లవ్స్ విప్పింది. "గడియారం చూసొస్తా మావయ్యా."

మార్కెట్లో తలెత్తి చూస్తే స్తంభం మీద ముల్లు కదులుతోంది. ఎవరో బాగుచేశారు. ఆమె కాసేపు అక్కడే నిలబడి, వేళ్ళు విప్పి గాలికి ఆరబెట్టుకుంటూ వెనక్కొచ్చింది.

"నడుస్తోందా?"

"లేదు మావయ్యా. ఆగే ఉంది."

అంతలో నాలుగున్నర అయిందని స్తంభం గంట వీధంతా వినపడేలా ఖంగుమంది. ఆయన భూతద్దం బిగించుకుని చేతిగడియారం మీదికి వంగారు.

"సరే. రేపు చూద్దాం" అన్నారు.