పెద్దోడు లేడు, కూకోండి

లూకాకు ఒకటే జబ్బు. ఎవరైనా ఎవరికైనా పెద్దరికం ఇస్తే ఒళ్లు మండిపోతుంది.

ఆయన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆదివారం ఆయన క్వార్టర్లో ఇరవైమంది తెలుగు క్రైస్తవులు ప్రార్థనకు కూడేవారు. పాస్టరు లేడు, ప్రెసిడెంటు లేడు, కుర్చీ లేదు. "మనలో పెద్దోడు లేడు. నాను సెప్తన్నాను, కూకోండి" అనేవాడు. ఇరవైమందీ టక్కున కూర్చునేవారు.

ఎవరో భక్తితో కుర్చీ తెస్తే రంపంతో దాని కాళ్లు కోసేశాడు. మిగిలిన పీట మీద ఆయన భార్య చిట్టెమ్మ కూరలు తరుక్కునేది. "అయ్యగారూ" అని నోరు జారినవాడికి ఆ పూట చాపలు మడతపెట్టే శిక్ష. పెద్ద లేని సంఘంలో శిక్ష వేసేదెవరని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇంతవరకు భరించవచ్చు. ఒక ఆదివారం ఉన్నట్టుండి కొత్త రూలు పెట్టాడు. ఆఖరున వచ్చినవారే ప్రార్థన మొదలుపెట్టి, రొట్టె విరిచి, ద్రాక్షరసం గిన్నె ముందుగా తాగాలి. ముందొచ్చినవారు ఆఖరున తాగాలి. ఇంటివాడు కాబట్టి లూకా అందరికన్నా ఆఖరు.

ఆ ఇరవైమందిలో ఒకడైన సుందర్ రాజు రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కు. ఆయన సంతకం లేకుండా అక్కడ గుండుసూది కదలదు. అంతటివాడు గిన్నె మొదట అందుకోవద్దా? కానీ ఆయన ఎంత ఆలస్యంగా వచ్చినా వెనకే సింహాచలమ్మ వచ్చేది. స్టేషనులో పాయిఖానాలు కడిగే మనిషి. పదింటికి డ్యూటీ దిగి, స్నానం చేసి, తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చేది. ఇదివరకు వెళ్లిన చర్చిలో ఆమెకు చెప్పుల పక్కన పర్మనెంటు రిజర్వేషను; గిన్నె అంతదూరం ప్రయాణించేది కాదు. ఇక్కడ వారం వారం ఆమే మొదలు, ఆమె తర్వాతి వంతు సుందర్ రాజుది. గిన్నె చేతికి రాగానే ఆయనకు దగ్గు వచ్చేది. దగ్గుతూనే పక్కవాడికి అందించేసేవాడు.

మూడు వారాలు చూసి సింహాచలమ్మ చిట్టెమ్మతో అంది: "నా ఎంగిలికి ఆ బాబుకి దగ్గొస్తంది. ఈ ఆదివారం సూసి మానేత్తాను."

ఆ ఆదివారం సుందర్ రాజు ఎవరి కంటా పడకుండా ఎనిమిదిన్నరకే వచ్చి నీళ్ల ట్యాంకు వెనక నక్కాడు. ఆమె లోపలికి వెళ్లాక, ఇస్త్రీ నలగకుండా ప్రవేశించి, ఈవేళ ఆఖరివాణ్ణి తానేనని ప్రకటించాడు.

లూకా కిటికీకేసి చూపించాడు. "ఎనిమిదిన్నర కాడ్నుంచీ నీ గొడుగు కొస కనపడతంది బ్రదర్. అందరికంటే ముందొచ్చినోడివి నువ్వే. రా, నా పక్కన కూకో." సింహాచలమ్మకేసి తిరిగాడు. "అప్పా, నువ్వు మొదలెట్టు."

సింహాచలమ్మ తడి జుట్టు మీద కొంగు కప్పుకుంది. "తండ్రీ, అందరినీ సల్లగా సూడు. ముందు ఆ బాబు దగ్గు తగ్గించు" అని ప్రార్థించి తాగింది.

గిన్నె గదంతా తిరిగి సుందర్ రాజు దగ్గర ఆగింది. అందరూ ఆయన గొంతుకేసే చూస్తున్నారు. దగ్గితే దేవుడు ప్రార్థన వినలేదన్నట్టవుతుంది. కళ్లు మూసుకుని గటగటా తాగేశాడు.

లూకా గిన్నె బోర్లించి చూశాడు. "ఏటి బ్రదర్, నాకు సుక్కైనా ఉంచలేదు."

చిట్టెమ్మ నవ్వాపుకోలేక గుట్టు విప్పేసింది. సింహాచలమ్మ డ్యూటీ ఎన్నింటికి దిగుతుందో కనుక్కొచ్చిన రోజే ఈయన ఆ రూలు పెట్టాడట.

సుందర్ రాజు చేతులు జోడించాడు. "అయితే మా అందరికీ పెద్ద మీరే అయ్యగారూ."

"పెద్దోడు లేడని ఎన్నిసార్లు సెప్పాలి? చాపలు మడతెట్టు."

హెడ్ క్లర్కు వంగి చాప ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస సింహాచలమ్మ పట్టుకుంది. "ట్యాంకు ఎనక దోమలు బాబూ. వచ్చే ఆదివారం తిన్నగా లోపలికే వచ్చీయండి" అంది.

ఆయనకు దగ్గు రాలేదు.