తొట్టిలో మునిగిన గొట్టం

బావి దగ్గర ఉన్నవాళ్లు: మా బావ, పంచాయతీ ప్రెసిడెంటు, నేను. ఉన్నవి: మోటారు పంపు, సిమెంటు తొట్టి, అందులో సగం కరిగిన యూరియా బస్తా, మల్కాపురంలో నేను పనిచేసే లాబ్ నుంచి తెచ్చిన మూడు సీసాలు. లేనివాళ్లు: మా అక్క, ఆరు వారాల పాప. వాళ్లు విశాఖ ఆసుపత్రిలో ఉన్నారు.

ఎనభైల మొదట్లో మాట. ఎలమంచిలి దగ్గర బావకి వంగతోట ఉండేది. తోటకీ ఇంటికీ ఆ బావి నీళ్లే. పాప పెదాలు నీలంగా మారితే డాక్టరు మొదట అడిగింది, డబ్బాపాలు ఏ నీళ్లతో కలిపారని. నీళ్లలో నైట్రేటు ఎక్కువైతే పసిపిల్లల రక్తం ప్రాణవాయువును మోయలేదట.

అక్క నావైపు చూసింది. "ఇరవై నిమిషాలు మరిగించమన్నావు కదరా తమ్ముడా. మరిగించాను."

మరిగిస్తే క్రిములు చస్తాయి. నైట్రేటు పోదు, నీరు ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. ఇది నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న విషయం.

మూడో రోజుకి పాప పెదాలకి మామూలు రంగు తిరిగొచ్చింది. బావి బాగుపడేదాకా ఇంటికి రానని అక్క చెప్పేసింది.

అందుకే పరీక్షకి నీళ్లు పట్టడానికి వచ్చాను. బావిలోంచి చేదతో తోడి మొదటి సీసా నింపుతుండగా కరెంటు పోయింది. పంపు ఆగింది. గొట్టం గుటగుటలాడింది.

"ఏటి బామ్మర్దీ, తొట్టి నీళ్లు తగ్గిపోతన్నాయి?" అన్నాడు బావ.

యూరియా బాగా కలవాలని గొట్టం మూతిని తొట్టిలో ముంచి పెట్టాడు. నీళ్లు వెనక్కి పోకుండా ఆపే ఫుట్‌వాల్వు అరిగిపోయింది. ఎరువు నీళ్లు ఆ గొట్టంలోంచే బావిలోకి దిగుతున్నాయి. ఆ యూరియాయే మెల్లగా నైట్రేటుగా మారుతుంది. రోజుకి ఎన్నిసార్లు కరెంటు పోతుందో లెక్కపెట్టబోయి, భయమేసి ఆపేశాను.

ఊళ్లో ప్రతి పంపుకీ గొట్టం మూతి తొట్టి అంచుకి జానెడు పైన ఉండాలని, అరిగిన ఫుట్‌వాల్వు మార్చాలని, విననివాళ్ల కరెంటు కనెక్షన్ తీయించాలని పంచాయతీ తీర్మానం చేయమన్నాను.

ప్రెసిడెంటు నవ్వాడు. "పైకెత్తితే యూరియా ఎలా కరుగుద్ది బాబూ? నువ్వొచ్చి కర్రెట్టి కలుపుతావేటి?"

"నాను కలుపుతాను," అన్నాడు బావ. "మా పాప పెదాలు నువ్వు సూడనేదు."

ప్రెసిడెంటు నవ్వు ఆగింది. ముందు ఊళ్లో అన్ని బావులూ చూసి రాసుకురమ్మన్నాడు. మర్నాడు టేపు, నోటుపుస్తకం పట్టుకుని బావా నేనూ తిరిగాం.

పంపు ఉన్న బావులు పద్నాలుగు. ఒకదాని మోటారు కాలి మూలపడి ఉంది. తొట్టిలో గొట్టం మునిగినవి పదమూడు.