రెండో గేరులో బిగించిన స్ప్రింగు

పెళ్లయిన మూడేళ్లలో నేను జీపును రెండో గేరు దాటించింది లేదు. నవ్వితే నవ్వండి. ఇల్లరికం అల్లుణ్ణి. మామకు తాండూరులో నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే కార్ఖానా ఉండేది. మగపిల్లలు లేరు, ఉన్నది ఒక్క బిడ్డ. ఆమెను నాకిచ్చి నన్ను లోపల పెట్టుకున్నాడు. పెళ్లికి ముందు వికారాబాదులో ఇంజన్లు విప్పి బిగించిన చేతులు నావి. ఇక్కడ నా పని, కోత మిషన్ల మీద నీళ్లు సరిగా పడుతున్నాయో లేదో చూడటం. జీపు గేటు దాటితే స్టీరింగు మామదే.

"యాడికి పోతవ్ అల్లుడా, అన్నీ గీడనే ఉన్నయ్ కద?" అనేవాడు. ఆ మాట ఎంత ప్రేమగా అనేవాడంటే, ఎదురు చెబితే నేనే దుర్మార్గుణ్ణి అవుతాను. నాకు ఒళ్లు మండిపోయేది.

ఎనభైల నడుమ ఒక క్వారీలో పాడైన మిషన్ నుంచి టర్బో ఒకటి మా తుక్కు కుప్పలోకి వచ్చింది. ఇంజను వదిలే పొగతో తిరిగి, ఆ ఊపుతో బయటి గాలిని ఇంజన్లోకి బలంగా నెట్టే చక్రం అది. గాలి ఎంత ఎక్కువ పోతే అంత డీజిల్ మండుతుంది, అంత బలం. ఒత్తిడి హద్దు మీరితే పొగను పక్కకు వదిలేయడానికి ఒక మూత, దాన్ని పట్టి ఉంచే ఒక స్ప్రింగు. దాన్ని మామ డీజిల్ జీపుకు తగిలించాను. గాలి ఒత్తిడి చూపే పాత మీటరు ఒకటి స్టీరింగు పక్కన బిగించాను.

వికారాబాదులో నాకు తెలిసిన రేకుల షెడ్డు ఒకటి ఖాళీగా ఉంది. అందులో మెకానిక్ షాపు పెట్టుకుని, వేరు కాపురం పోవాలని నాకూ నా భార్యకూ ఆశ. ఒకరోజు తెగించి అడిగేశాను. మామ జీపు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"మస్తు జేసినవ్. అయితే ఇగో, రాళ్ల లోడుతోని అనంతగిరి గుట్ట టాప్ గేరుల ఎక్కియ్యి. గేరు తగ్గియ్యకుంట ఎక్కినవంటే పోండ్రి, నేనాప. లేకుంటే గీ ముచ్చట మళ్ల తియ్యొద్దు."

"మాట తప్పవు కద మామా?"

"ఎన్నడన్న తప్పిన్నా?"

వారం గడువు. అప్పటిదాకా జీపు మాత్రం గేటు దాటకూడదన్నాడు. గేటు నుంచి రాళ్ల షెడ్డు దాకా ఉన్న దూరమెంతని! మొదటి గేరు, రెండో గేరు, బ్రేకు. వెనక్కి తిప్పి మళ్లీ మొదటి గేరు. పాలిష్ పట్టే ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని, "అల్లుడు పటేల్ వికారాబాద్ వోయి అప్పుడే మళ్లొచ్చిండే!" అని నవ్వేవాళ్లు.

ఆ కాస్త పరుగులో మీటరు ముల్లు నాలుగు దాటేది కాదు. నాకు కావలసింది పది. స్ప్రింగు వదులైందనుకుని బిగించాను. ముల్లు కదల్లేదు. ఇంకా బిగించాను. చిన్న గేరులో ఇంజను చప్పున పరుగందుకుంటుంది, దాని మీద బరువుండదు, పొగకు ఊపు చాలదు. బరువుతో ఎత్తు ఎక్కుతూ పెద్ద గేరులో చాలాసేపు గుంజినప్పుడే ఒత్తిడి పూర్తిగా లేస్తుంది. నాకు తెలియని సంగతి కాదిది! కానీ మూడేళ్లు ఆ ఆవరణలో తిరిగినవాడికి లోపం స్ప్రింగులోనే కనబడింది, ఆవరణలో కనబడలేదు.

బయలుదేరే పొద్దున నా భార్య, "సామాన్ సదురనా?" అంది. "సదురు" అన్నాను, దర్జాగా.

మామ పక్కన కూర్చున్నాడు. స్టీరింగు నా చేతిలో ఉంది. ధారూర్ దాటి గుట్ట మొదలయ్యేసరికి ముల్లు పది మీద నిలిచింది. వెనక అన్ని రాళ్లున్నా జీపు ఉరుకుతోంది. నాకు కేక పెట్టాలనిపించింది. మొదటి మలుపులో పన్నెండు. రెండో మలుపులో పదిహేను. అప్పుడు అర్థమైంది, నేనేం చేశానో. స్ప్రింగు అంత బిగించాక ఆ మూత ఇక తెరుచుకోదు. యాక్సిలరేటరు మీంచి కాలు కాస్త ఎత్తితే ఇంజను బతుకుతుంది. ఎత్తితే ఊపు తగ్గి మూడో గేరుకు దిగాలి. దిగితే ఆవరణలోకి వాపసు.

ఎత్తలేదు. పద్దెనిమిది. లోపల ఫట్‌మని ఏదో పగిలింది. తెల్లటి పొగ ముందు అద్దాన్ని కమ్మేసింది. మామ దిగి చక్రం వెనక రాయి పెట్టాడు. నేను స్టీరింగు పట్టుకుని సిగ్గు లేకుండా ఏడ్చాను.

రాళ్లు అక్కడే దింపి, తాండూరు పోయే లారీకి జీపును తాడుతో కట్టాం. ధారూర్ దగ్గరికి వచ్చాక మామ నా వైపు తిరిగాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"మూడో గేరుకొస్తే అయిపోతుండె కద అల్లుడా. గుట్ట ఎక్కినవంటే సాలనుకున్న. పంపియ్యకపోదునా?"

వెక్కిరింపు లేదు ఆ గొంతులో. నిజంగా పంపేవాడో, ఓడిన నా మీద జాలిపడి అన్నాడో ఇప్పటికీ తెలియదు. ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా వీలు లేకుండా చేశాడు మహానుభావుడు.

ఇంటికొచ్చేసరికి నా భార్య తాడు కట్టిన ట్రంకు పెట్టె మీద కూర్చుని ఉంది. "ఇంజన్ పోయింది" అన్నాను. ఆమె లేచి తాడు విప్పి, గిన్నెలు ఒక్కొక్కటే తీసి అలమారలో పెట్టింది.

"పోనియ్యి, నువ్వేం జేస్తవ్? మిషన్ కద" అంది.

మామ కన్ను మూసేదాకా, ఇంకో పదకొండేళ్లు అక్కడే ఉన్నాం. ఆ రోజు ధారూర్ దగ్గర ఆయనన్న మాట ఆమెకు నేను ఇంతవరకూ చెప్పలేదు.