పాలు పడేదాకా కదలని మనిషి

మా అత్తమ్మ పోయిందని మొన్న పొద్దున ఆడబిడ్డ ఫోన్ చేసి చెప్పింది. బోధన్ పక్క పల్లెలో, తన మంచం మీదే, నిద్రలోనే పోయిందట. ఒకరిచేత చేయించుకోకుండా పోవాలని ఎప్పుడూ అనేది. అనుకున్నదంటే చేసి తీరే మనిషి, అదీ చేసింది.

ఆమె మొండితనం గురించి మా ఇంట్లో అందరూ ఏదో ఒకటి చెబుతారు. చెరకు లారీ ఎదురొచ్చినా పక్కకు జరగదని మా మామయ్య నవ్వేవాడు. ఆ మొండితనం నాకెలా అక్కరకొచ్చిందో నేనే చెప్పాలి.

నా బిడ్డ నిజామాబాద్‌లో ఒక ఆసుపత్రిలో ఆపరేషన్‌తో పుట్టింది. తొలి కాన్పు పుట్టింటివాళ్ల బాధ్యత. అత్తగారు వచ్చి, పిల్లను చూసి, వెళ్లిపోవాలి. ఈమె మాత్రం సంచి మంచం కిందికి తోసి కూర్చుంది. నాకింకా పాలు పడలేదు. పిండితే పసుపుపచ్చగా నాలుగు చుక్కలు, అంతే. పిల్ల ఏడుపు ఆపదు. మా అమ్మ హడలిపోయి, కొత్త బెల్లం నీళ్లలో కలిపి, నాకించడానికి గుడ్డ ముంచింది. మా వైపు అందరూ చేసేదే, నాకూ అలాగే నాకించారట.

అత్తమ్మ గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు వదినా. నా పెద్దబిడ్డకు గిట్లనే చేసిండ్రు. ముర్రుపాలు పిండి పారబోపిచ్చి, బెల్లం నీళ్లు నాకిపిచ్చిండ్రు. విరేచనాలు పట్టినయి, దక్కలె. పిల్లను మట్టిల పెట్టినంక నాకు పాలు పడ్డయి. తాగనీకె ఎవరున్నరు?"

అమ్మ గిన్నె తీసి పక్కన పెట్టేసింది. మా ఆయనకు ఒక అక్క పుట్టి పోయిందన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

ఆ నాలుగు చుక్కలే ఇప్పటికి చాలని నర్సమ్మ కూడా చెప్పింది. ఇక అత్తమ్మ నన్ను వదల్లేదు. పిల్ల కదిలితే చాలు, రొమ్ముకు పట్టించేది. కుట్లు లాగుతున్నాయంటే దిండు సర్దేది తప్ప జాలి పడేది కాదు. పాలడబ్బా తెచ్చిన చుట్టానికి టీ తాగించి, డబ్బాతో సహా బస్టాండుకు సాగనంపింది. రొమ్ములు రాళ్లలా గట్టిపడి, ఇక నావల్ల కాదని నేను ఏడిస్తే, వేడినీళ్ల గుడ్డతో కాపడం పెడుతూ ఒకటే మాట: "ఏడ్వు బిడ్డా, ఏడ్సుకుంటనే ఇయ్యి."

అప్పుడు ఆమె మీద ఒళ్లు మండింది. ఇప్పుడు ఆ గొంతు కోసం ప్రాణం కొట్టుకుంటోంది.

ఒక మధ్యాహ్నం పాలు పడ్డాయి. జాకెట్టు తడిసిపోయింది. పిల్ల ఏడుపు ఆపి, గుటకలు వేయడం మొదలుపెట్టింది. ముచ్చట్లు పెడుతున్న పక్క మంచాలవాళ్లను అత్తమ్మ చేత్తోనే ఊరుకోమంది. వంగి, పిల్ల గొంతు దగ్గర చెవి పెట్టింది. మా అమ్మ అన్నానికి పిలిచినా లేవలేదు. కళ్లు మూసుకుని, కొంగు నోట్లో కుక్కుకుని, ఒక్కో గుటకా వింటూ అలాగే ఉండిపోయింది.