సగమే తడిపిన ఇసుక

మొన్న మా వీధిలో రోడ్డు పని జరుగుతుంటే దుమ్ము అణగడానికి ట్యాంకరు వచ్చి నీళ్లు చల్లింది. ఆ తడి మట్టి వాసన తగలగానే నేను నలభై ఏళ్లు వెనక్కి, గల్ఫులోని జెబెల్ అలీలో ఓ శుక్రవారం సాయంత్రంలోకి వెళ్లిపోయాను.

అప్పుడక్కడ ఇంకా రేవు పనులు సాగుతున్నాయి. శుక్రవారం సెలవు గనుక ఇంజనీర్లు మా క్యాంపు వెనకాల చదునైన ఇసుక నేల మీద ఖాళీ ఆయిలు పీపాలను కోడిగుడ్డు ఆకారంలో పేర్చి, తుక్కు కింద పోయే పాత కార్లకు అద్దాలు ఊడదీసి, తలుపులు వెల్డింగు చేసి పందేలు పెట్టేవారు. ఎండ వాలిన వేళ ఆ కార్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ తిరుగుతుంటే రంగులన్నీ కలిసిపోయేవి, చప్పుడు ఎక్కడో సముద్రంలో పుడుతున్నట్టుండేది, చూస్తూ చూస్తూ నేనెక్కడున్నానో మరిచిపోయేవాణ్ని.

నన్ను వీసా తీసి పిలిపించుకున్న మా బావ, అంటే మా అక్క భర్త, అక్కడ మెకానిక్కు. ఆయన చేతుల మీదే ఊళ్లో రెండిళ్లు నడిచేవి. ఆ కార్లకు ప్రాణం పోసేది ఆయనే అయినా నడిపే వంతు రావడానికి ఏడాది పట్టింది.

నా పని ట్యాంకరు. పందేనికీ పందేనికీ మధ్య నేలంతా బాగా తడపాలి, లేకపోతే దుమ్ములో ముందున్న కారు కనబడదు. కానీ బిందెడు నీళ్లకు మైలు నడిచిన ఇంట్లో పుట్టినవాణ్ని, ఇసుకలో అన్ని నీళ్లు పోయడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు. క్యాంపులో స్నానానికి మనిషికి అర బకెట్టే దొరికేది. అందుకని సగం చల్లి, మిగతాది క్యాంపులో నాతో ఉండే మావాళ్ల స్నానాలకు దాచేవాణ్ని. వాళ్లు మెచ్చుకుంటుంటే, ఆ మెప్పు కూడా నాకు రుచించిందని ఇప్పుడు ఒప్పుకోవాలి.

ఆ రోజు బావ కారెక్కుతుంటే మావాళ్లు ఏడిపించారు. "జర నవ్వు బావా, అక్కకు ఫోటో పంపుతం!"

"మీ అక్క సూసిందంటే కారు దించి మరీ తంతది రా," అన్నాడు బావ.

"యల్లా, పానీ మారో!" అని మేనేజరు, మేమంతా ముదీర్ అనేవాళ్లం, నా వైపు కేకేశాడు. నేను పైపైన ఒక్క చుట్టు చల్లి తప్పుకున్నాను.

పందెం మూడో చుట్టులో దుమ్ము లేచింది. పడమటి వెలుగు పడి అది బంగారు పొగలా మెరుస్తుంటే, ఎంత బాగుందో అనుకుంటూ నిలబడ్డాను. అందులోంచే బావ కారు పీపాలను గుద్దుకుని తలకిందులుగా బయటికొచ్చింది.

కుడి మోచెయ్యి నుజ్జయింది. ఆసుపత్రిలో ఆయన నన్నడిగింది ఒక్కటే.

"నీళ్లు మంచిగ చల్లినవా రా?"

"చల్లిన బావా," అన్నాను.

"అయితే తప్పు నాదే," అని కళ్లు మూసుకున్నాడు.

పానా పట్టలేని చేత్తో ఆయన ఊరికి వెళ్లిపోయాడు. ఆయన తీసిన వీసా మీద వచ్చిన నేను మాత్రం మరో పద్దెనిమిదేళ్లు అక్కడే సంపాదించుకున్నాను. ఇప్పటికీ పిల్లలకు ఆయన ఆ పందెం ముచ్చట చెబుతూ, తన తొందరే కొంప ముంచిందని నవ్వుతాడు. నేను పక్కన కూర్చుని వింటాను.

ఇప్పుడు ఆ ఇసుక మీద గోదాములు లేచాయట. మా ఊళ్లో ఇంటింటికీ నల్లా వచ్చింది, మనవళ్లు పైపు పెట్టి మోటారు సైకిళ్లు కడుగుతున్నారు. అర ట్యాంకరు నీళ్ల మీద ఆశతో ఒక మనిషి అంత పని చేశాడంటే వాళ్లకు నమ్మకం కుదరదు. ఆ కరువు తెలిసి, నా మాట విని అర్థం చేసుకోగలిగినవాడు మా ఇంట్లో బావ ఒక్కడే. ఇన్నేళ్లూ ఆయనకే చెప్పలేకపోయాను.