హద్దులోపలి అంకె

మా అక్క ఎల్లారెడ్డిలో బీడీలు చుడుతుంది. పోయిన వానాకాలం తునికాకు కత్తిరిస్తుంటే కత్తెర చూపుడువేలిలోకి దిగింది. నెత్తురు ఆగాలని చాటలో ఉన్న తంబాకు పొడినే గాయంలో అదిమి మళ్లీ పనిలో పడింది. ఆ వాడలో అందరూ చేసే వైద్యం అదే. నాలుగో రోజుకు చెయ్యి మోచేతిదాకా ఉబ్బి చలిజ్వరం పట్టుకుంది. కబురందుకుని నేను కామారెడ్డి నుంచి వెళ్లేసరికి ఓ చిన్న ఆస్పత్రిలో సెలైన్ ఎక్కుతోంది. మెడలో కొత్త తాయెత్తు.

నేను చేసిన మొదటి చికిత్స దాన్ని తెంపడం. దిష్టి మీదా ముహూర్తాల మీదా వేదికలెక్కి వాదించిన మనిషిని, ఊరుకుంటానా?

"ఇది జ్వరం తగ్గిస్తదా బావా? రుజువేది?" అన్నాను. బావ తల గోక్కున్నాడు.

రుజువు నా దగ్గరుంది, రక్తపరీక్ష కాగితం. తెల్లకణాలు ఇరవై ఒక్క వేలు. గాయంలోంచి సూక్ష్మజీవులు రక్తంలోకి చేరినట్టున్నాయనీ, వాటితో పోరాడటానికే కణాలు పెరిగాయనీ అక్కడి డాక్టరు చెప్పి మందులు మొదలుపెట్టాడు. మర్నాడు పొద్దున రెండో కాగితం వచ్చింది. నాలుగు వేల రెండువందలు! పక్కన అచ్చువేసిన హద్దు నాలుగు వేల నుంచి పదకొండు వేలు. డాక్టరు ఇంకా రాలేదు. ఆయన అవసరం కూడా నాకు కనబడలేదు.

అక్కతో కలిసి బీడీలు చుట్టే ఆమె చూడటానికొచ్చి, ఎట్లుందని అడగలేదు. "ప్లేట్లెట్లు ఎన్నున్నయ్ అన్నా?" అంది. డెంగ్యూ పుణ్యమా అని అందరికీ ఆ ఒక్క మాట వచ్చు.

"తొంభై వేలు. ఇది డెంగ్యూ కాదమ్మా, వాటితోని మనకు పని లేదు" అని జ్ఞానం పంచాను.

బావ మాత్రం అక్క చెయ్యి వదల్లేదు. "నార్మలైతే చేతులు గింత సల్లగెందుకున్నయ్? నన్ను గుర్తువట్టక బాపూ అంటుంది. మొఖం జూడు బామ్మర్దీ."

"మొఖం చూసి చెప్పేది సోదె, బావా. కాగితం చూడు."

"కాగితం నువ్వు జూడు. నేను ఇన్నేండ్లసంది దీన్నే చూస్తున్న. బండి తెస్త."

తెచ్చాడు. కామారెడ్డి దాకా అంబులెన్సులో నేను హేతుబద్ధమైన ఆలోచన గురించి మాట్లాడుతూనే ఉన్నాను. ఆయన అక్క అరచేతులు రుద్దుతూ కూర్చున్నాడు.

అక్కడి డాక్టరమ్మ ముందు బీపీ చూసింది. వెంటనే నర్సుల పరుగులు మొదలయ్యాయి. ఆ తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది.

"నార్మలని ఎవరు చెప్పిండ్రు?"

"హద్దులోపలనే ఉంది కదమ్మా."

"ఒక్క రోజుల ఇంత పడినయంటే రోగం తగ్గినట్టు కాదు సార్, కణాలు ఖర్చయిపోయినట్టు. ఉన్నవాటిల్ల సగం ఇంకా ఎదగనివే. ప్లేట్లెట్లు గూడ పడుతున్నయ్. ఇంకో పూట ఆగితే మనిషి దక్కకపోతుండె."

సోదె చెప్పింది నేను. పరీక్షగా చూసింది బావ.

మూడు రోజులకు రక్తంలో ఉన్న సూక్ష్మజీవి ఏదో తేలింది, మందు మారింది. ఐదో రోజు తెల్లకణాలు పద్నాలుగు వేలు. హద్దు దాటిన ఆ అంకె చూసి "కణాలు మళ్ల తయారైతున్నయ్" అని డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. హద్దు దాటింది కదమ్మా అనే ధైర్యం నాకు అప్పటికి పోయింది.

అక్క లేచి కూర్చున్నాక బావ కథంతా చెప్పాడు, నా ఉపన్యాసంతో సహా. అక్క నా వైపు తిరిగింది.

"లెక్క సరిపోతే మాల్ మంచిదేనారా తమ్మీ? వెయ్యి బీడీలు అప్పజెప్పాలని తొందరల మూతి మడవనివి గూడ కట్టల కలుపుతం. కార్ఖానల తీసుకునేటాయన లెక్క జూసి ఊకుంటడా? ఒక్కొక్కటి ఒత్తి చూస్తడు. సగం పారేస్తడు."

బావ నా చొక్కా జేబు వైపు వేలు చూపించాడు. "గదేంది బామ్మర్దీ?"

రెండో కాగితం. డాక్టరమ్మ తిరిగిచ్చిన రోజు నుంచి నాలుగు మడతలతో అక్కడే ఉంది.

"జేబుల పెట్టుకుంటె జ్వరం తగ్గుతదా? రుజువేది?" అన్నాడు బావ.

అక్క పగలబడి నవ్వి, దాన్ని లాక్కుంది. మడతలు విప్పి, బొటనవేలికీ నడిమివేలికీ మధ్య అలవాటుగా చుట్టింది. చుట్టు బాగానే కుదిరింది. చూపుడువేలు కట్టులో ఉండి మూతి మాత్రం మడతపడలేదు. రెండుసార్లు ప్రయత్నించింది. నవ్వు ఆగిపోయింది. కాగితం మెల్లగా విచ్చుకుంది.

"గిది గూడ పారేస్తడు" అంది.