రత్నమ్మ మామ్మగారి జంతికల డబ్బా

ఇవాళ కంకిపాడులో వాము జంతికల వాసన తగిలి ఆటో ఆపించేశాను. మా పక్కింటి రత్నమ్మ మామ్మగారు గుర్తొచ్చారు.

మీకూ గుర్తుందా, శవం లేచేదాకా వీధిలో ఎవరూ పొయ్యి వెలిగించేవారు కాదు? మామ్మగారు పోయిన రోజు మధ్యాహ్నానికి నేనూ చెల్లీ ఆకలికి తట్టుకోలేక వాళ్ల అరుగు మీదే భోరుమన్నాం. ఆవిడ కూతురు మమ్మల్ని వాటేసుకుని, "మా అమ్మంటే వీళ్లకెంత ప్రాణమో చూడండి!" అంటూ తనూ ఏడ్చింది.

"ఆకలేస్తోందండీ" అంది చెల్లి.

ఆమె టక్కున ఏడుపాపి, మామ్మగారి జంతికల డబ్బా తెచ్చింది. "పిల్లలకి మైలేంటి, తినండమ్మా!" మామ్మగారి ఎదురుగానే కరకరా నమిలేశాం.

ఇవాళ కడుపునిండా భోంచేసే బయల్దేరాను. అయినా ఒక్క జంతిక కొరకగానే ఏడుపొచ్చేసింది.

"ఏమైందండీ?" అన్నాడు ఆటో అతను.

"ఆకలి" అన్నాను.